సూది చూస్తే కళ్ళెందుకు తిరుగుతాయి? మొదటిసారి రక్తం ఇచ్చేవాళ్ళ భయాన్ని విడదీసి చూస్తే

అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. ఆ రోజు దగ్గర పడేకొద్దీ విశాఖలో చాలా కాలేజీల్లో ఒక షామియానా, నాలుగు మడత మంచాలు, పక్కన బిస్కెట్ ప్యాకెట్ల అట్టపెట్టె కనిపిస్తాయి. అదే రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో "అర్జెంట్‌గా ప్లేట్‌లెట్స్ కావాలి, కేజీహెచ్" అనే మెసేజ్‌లు కూడా పెరుగుతాయి, వానల తర్వాత డెంగ్యూ జోరుగా ఉండే కాలం అది. కేజీహెచ్ అంటే కింగ్ జార్జ్ హాస్పిటల్, విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి. నూరేళ్ళు దాటిన ఆ ఆసుపత్రికి మన ఊరి జనమే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా పెద్ద కేసులు వస్తాయి. తలసేమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని పుట్టు జబ్బు) ఉన్న పిల్లలకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఏడాది పొడుగునా. అందుకే అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఇవ్వగలిగిన వయసులో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా మన చుట్టూ బోలెడంత మంది ఉన్నారు. వాళ్ళలో చాలామంది దగ్గర వినే మాట ఒకటే: "ఇవ్వాలనే ఉంది గానీ, సూదంటే భయం."

నేనూ చాలా ఏళ్ళు ఆ మాటే అన్నాను. ఇంటర్లో జ్వరం వస్తే ఒక ల్యాబ్‌లో రక్తం తీస్తుండగా కుర్చీలోనే సొమ్మసిల్లి పడిపోయాను. తర్వాత అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు ఇద్దరు డోనర్లను తెమ్మన్నారు, మా బావ, వాళ్ళ ఫ్రెండ్ వెళ్ళి ఇచ్చి వచ్చారు, నేను కారిడార్‌లో నిలబడ్డాను. ఆ నిలబడటం చాలాకాలం మనసులోంచి పోలేదు. ఎందుకిలా అవుతోందని అప్పటి నుంచి చదవడం, అడగడం మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది, "సూదంటే భయం" అని మనం ఒక్క మాటలో తేల్చేసేదాంట్లో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి, ఒకదానికి పనికొచ్చే సలహా రెండోదానికి పనికిరాదు, ఒక్కోసారి చెరుపు కూడా చేస్తుంది.

నొప్పికి భయపడటం వేరు, ఒళ్ళు తూలిపోవడం వేరు

మొదటిది అందరికీ తెలిసిన భయం. సూది గుచ్చితే నొప్పెడుతుంది, నరం దొరక్క రెండుసార్లు గుచ్చుతారేమో, ఏదైనా జబ్బు అంటుకుంటుందేమో. ఇది మనసులో పుట్టే టెన్షన్. కుక్కంటే, ఎత్తంటే భయపడేవాళ్ళకి అయ్యేదే ఇక్కడా అవుతుంది: గుండె దడ, నోరు ఎండిపోవడం, అక్కణ్ణుంచి పారిపోవాలనిపించడం. బీపీ కొలిస్తే మామూలు కంటే పైనే ఉంటుంది.

రెండోది చాలామందికి తెలియదు. కొందరి ఒంట్లో రక్తాన్నో, సూదినో, గాయాన్నో చూడగానే ఆ దడ కాసేపు ఉండి, ఆ వెంటనే అంతా తలకిందులవుతుంది. గుండె వేగం పడిపోతుంది, బీపీ జారిపోతుంది, ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, వరసగా ఆవులింతలొస్తాయి, చెవుల్లో గుయ్‌మంటుంది, కళ్ళు చీకట్లు కమ్ముతాయి. డాక్టర్లు దీన్ని వేసోవేగల్ సింకోపీ అంటారు. కుక్క భయం ఉన్నవాడు కుక్కని చూసి స్పృహ తప్పి పడిపోవడం చాలా అరుదు. సూది, రక్తం భయం ఉన్నవాళ్ళు మాత్రం పడిపోవడం మామూలే. అందుకే భయాల జాబితాలో మానసిక వైద్యులు దీనికి వేరే గది కేటాయించారు, రక్తం-ఇంజెక్షన్-గాయం భయం అని. ఇది కుటుంబాల్లో నడిచే గుణం కూడా. మా నాన్నకి ఇప్పటికీ దెబ్బ తగిలిన చోట రక్తం చూస్తే కాళ్ళు వణుకుతాయి. అది తెలిశాక, నాది పిరికితనం అని నాలో నేను అనుకోవడం మానేశాను.

ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, విడివిడిగానూ ఉండొచ్చు. సూదంటే బెదిరిపోయి కూడా ఒక్కసారీ కళ్ళు తిరగనివాళ్ళున్నారు. ఇందాకటి దాకా నవ్వుతూ కబుర్లు చెప్పి, మంచం దిగి నాలుగడుగులు వేయగానే కూలబడేవాళ్ళూ ఉన్నారు. రెండో రకం వాళ్ళని "భయపడ్డాడు" అనడం సరికాదు, వాళ్ళు అసలు భయపడి ఉండకపోవచ్చు.

గుండె ముందు పరుగెత్తి, ఆ తర్వాత ఎందుకు నెమ్మదిస్తుంది

మెదడు నుంచి గుండెకీ పొట్టకీ వెళ్ళే వేగస్ అనే నాడి ఒకటి ఉంది, గుండెకి బ్రేక్ లాంటిది. భయం మొదలవగానే ఒళ్ళు ఆక్సిలరేటర్ నొక్కుతుంది, కొద్దిసేపటికి ఈ బ్రేక్ గట్టిగా పడుతుంది. గుండె నెమ్మదిస్తుంది, అదే సమయంలో కాళ్ళలోని రక్తనాళాలు వదులవుతాయి, రక్తం కిందకి దిగిపోతుంది, తలకి చేరేది తగ్గుతుంది. మెదడుకి కొద్ది సెకన్లు రక్తం సరిపోకపోతే స్పృహ తప్పుతుంది. మనిషి నేల మీద పడగానే తల, గుండె ఒకే ఎత్తులోకి వస్తాయి, రక్తం మళ్ళీ తలకి అందుతుంది, కళ్ళు తెరుస్తాడు. ప్రమాదమల్లా పడేటప్పుడు తల దేనికైనా తగలడమే.

ఇలా ఎందుకు తయారైంది మన ఒళ్ళు అంటే, గాయమైనప్పుడు బీపీ తగ్గితే రక్తం తక్కువ పోతుంది కాబట్టి ఆదిమానవుల కాలంలో ఇది కాపాడి ఉంటుందని కొందరు శాస్త్రవేత్తల ఊహ. ఊహే, రుజువైంది కాదు.

రక్తదానంలో దీనికి ఇంకోటి తోడవుతుంది. ఒంట్లోంచి నిజంగానే కొంత రక్తం పోతోంది కదా. అంటే మనసు వల్ల బీపీ పడటం ఒకటి, ఉన్న రక్తం తగ్గడం ఒకటి. దానికి మన విశాఖ ఉక్కపోత కలిస్తే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం పూట షామియానా కింద అరగంట క్యూలో నిలబడి చొక్కా తడిసిపోయినవాడి ఒంట్లో నీళ్ళు ముందే తగ్గి ఉంటాయి.

తాళం చెవులు, ఉల్లిపాయ, ఫిట్స్ అనే పొరపాటు

నేను ల్యాబ్‌లో పడిపోయినప్పుడు చేతులు కొద్దిగా కొట్టుకున్నాయట. పక్కన ఉన్నవాళ్ళు ఫిట్స్ అనుకొని అరచేతిలో తాళం చెవుల గుత్తి పెట్టారు, ఇంకెవరో నీళ్ళు తాగించమన్నారు. ఇంట్లో కొన్నేళ్ళు "వీడికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చింది" అనే మాట తిరిగింది.

సొమ్మసిల్లినప్పుడు కొన్ని సెకన్లు చేతులూ కాళ్ళూ అదరడం జరుగుతుంది, మెదడుకి రక్తం తగ్గడం వల్ల. అది మూర్ఛవ్యాధి కాదు. సొమ్మసిల్లినవాళ్ళు సాధారణంగా నిమిషంలోపే తేరుకొని, ఎక్కడున్నామో గుర్తుపడతారు, నీరసంగా ఉంటారు అంతే. మూర్ఛలో అదురు ఎక్కువసేపు ఉంటుంది, తేరుకున్నాక కూడా చాలాసేపు తికమకగా ఉంటారు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మన దేశంలో మూర్ఛవ్యాధి ఉన్నవాళ్ళ నుంచి రక్తం తీసుకోరు. అనుమానం ఉన్నవాళ్ళు డాక్టర్ చేత తేల్చుకోవడమే మంచిది. నా సంగతి అలాగే తేలింది. తాళం చెవులు, ఉల్లిపాయ వాసన వల్ల రెండింటిలో దేనికీ ఒరిగేదేమీ లేదు. సొమ్మసిల్లిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తి ఉంచితే చాలు. లేపి కూర్చోబెట్టడం, గ్లాసుతో నీళ్ళు పోయడం, ఈ రెండూ చేసేది నష్టమే.

"రిలాక్స్ అవ్వు" అనే సలహా ఎక్కడ చెల్లదు

భయపడేవాళ్ళకి అందరూ చెప్పేది ఇదే, ఒళ్ళు వదులుగా పెట్టు, గట్టిగా ఊపిరి పీల్చుకో. మొదటి రకం భయానికి ఇది బాగానే పనిచేస్తుంది. ఊపిరి నెమ్మదిగా వదిలితే దడ తగ్గుతుంది. కానీ బీపీ పడిపోయే గుణం ఉన్నవాళ్ళకి అసలు సమస్యే ఒళ్ళు వదులైపోవడం. వాళ్ళని ఇంకా వదులు చేయమంటే ఎలా? పైగా గబగబా గట్టిగా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడు రక్తనాళాలు సన్నబడి, తిరిగే తల ఇంకా తిరుగుతుంది.

స్వీడన్‌కి చెందిన లార్స్-గోరాన్ ఓస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1980లలో దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు, కండరాలు బిగించడం. తొడలు, పిరుదులు, పొట్ట గట్టిగా బిగబట్టి పది పదిహేను సెకన్లు ఉంచడం, ముఖం కాస్త వేడెక్కినట్టు అనిపించాక వదలడం, అరనిమిషం ఆగి మళ్ళీ. బిగుసుకున్న కండరాలు కాళ్ళలో నిలబడిపోయిన రక్తాన్ని పైకి తోస్తాయి, బీపీ లేస్తుంది. రక్తం ఇచ్చేటప్పుడైతే సూది ఉన్న చేతిని వదిలేసి మిగతా ఒళ్ళంతా. కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి తొడలు నొక్కిపట్టడం కూడా ఇందులో భాగమే.

ఇది అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పడానికి లేదు. డోనర్ల మీద జరిగిన పరీక్షల్లో మేలు కనిపించింది గానీ, అది ఎంత అన్నది ఒక్కో పరీక్షలో ఒక్కోలా ఉంది. కండరాల వల్లా, లేక ఏదో ఒక పని చేస్తూ ఉండటం వల్ల ధ్యాస సూది మీద నుంచి మళ్ళడం వల్లా అని కొందరు పరిశోధకులకి అనుమానం కూడా ఉంది. నా మట్టుకు నాకు రెండోదే అయినా అభ్యంతరం లేదు. ఇంకోటి, రక్తం ఇచ్చే ముందు అరగంటలో అర లీటరు నీళ్ళు తాగడం. నీళ్ళు పొట్టలో పడగానే కాసేపు బీపీ కొద్దిగా పెరుగుతుంది, ఖర్చు లేని పని. ఉప్పు వేసిన మజ్జిగ ఉంటే మన ఊరి ఎండకి ఇంకా మంచిది.

ఆ సూది ఎందుకంత లావు

దాచిపెట్టడం వల్ల లాభం లేదు, రక్తదానం సూది లావుగానే ఉంటుంది. 16 గేజ్ సూది, అంటే వెడల్పు 1.6 మిల్లీమీటర్ల పైచిలుకు. టీకా సూది అందులో దాదాపు మూడో వంతు ఉంటుంది. సన్నటి సూదితో తీయొచ్చు కదా అని నాకూ అనిపించింది. సన్నటి గొట్టంలోంచి లాగితే రక్తం నెమ్మదిగా వచ్చి గడ్డకట్టడం మొదలవుతుంది, ఎర్రకణాలు నలిగి పగిలిపోతాయి. బ్యాగ్ నిండటానికి పావుగంట దాటితే ఆ రక్తంలోంచి ప్లేట్‌లెట్స్ తీయడానికి పనికిరాదు. కాబట్టి లావు సూది వల్లే పని ఎనిమిది, పది నిమిషాల్లో అయిపోతుంది.

నొప్పి మాత్రం లావుకి తగ్గట్టు పెరగదు. నొప్పి తెలిసే నాడుల కొసలు ఎక్కువగా ఉండేది చర్మంలో. సూది చర్మం దాటే ఆ ఒకటి రెండు సెకన్లే చురుక్కుమంటుంది, లోపలికి వెళ్ళాక నొక్కిపెట్టినట్టు ఉంటుంది. (మనం నరం అంటాం గానీ అది సిర.) అంతకుముందు హిమోగ్లోబిన్ కోసం వేలికి గుచ్చేదే ఎక్కువ నొప్పి అని ఇచ్చినవాళ్ళు చాలామంది చెబుతారు, వేలి కొసలో ఆ నాడులు దట్టంగా ఉంటాయి కాబట్టి. సూది ఉండగా ఎప్పుడైనా కరెంట్ కొట్టినట్టు లాగినా, వేళ్ళు తిమ్మిరెక్కినా అది మామూలు కాదు, వెంటనే చెప్పాల్సిన సంగతి.

జబ్బులు అంటుకుంటాయన్న భయానికి జవాబు చిన్నది. సూది, గొట్టం, బ్యాగ్ మూడూ కలిపి ఒకే సీల్డ్ ప్యాకెట్‌లో వస్తాయి, మన ముందే విప్పుతారు, ఒక్కసారి వాడి పారేస్తారు. ఇచ్చిన రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి, అవి తీసుకునేవాళ్ళ రక్షణ కోసం.

ఒకే బ్యాగ్, ఇద్దరు మనుషులు: ఒక చిన్న లెక్క

ఒంట్లో రక్తం సుమారుగా మగవాళ్ళకి కిలోకి 70 మిల్లీలీటర్లు, ఆడవాళ్ళకి 65. మద్దిలపాలెంలో ఒక క్యాంప్‌కి ఇద్దరు వెళ్ళారనుకుందాం. 62 కిలోల అబ్బాయి ఒంట్లో 4,340 మిల్లీలీటర్లు ఉంటుంది. 350 బ్యాగ్ ఇస్తే పోయేది 8 శాతం. 46 కిలోల అమ్మాయి ఒంట్లో ఉండేది 2,990. అదే 350 ఇస్తే ఆమెకి దాదాపు 12 శాతం పోతుంది. ఇద్దరి ధైర్యం సమానమే అనుకున్నా, కళ్ళు తిరిగే అవకాశం ఆ అమ్మాయికే ఎక్కువ. ఇందులో భయం పాత్ర ఏమీ లేదు, ఇది ఉత్త లెక్క.

మన దేశ నిబంధనల్లో 350 మిల్లీలీటర్లకి కనీసం 45 కిలోలు, 450కి 55 కిలోల పైన ఉండాలి. 56 కిలోల అబ్బాయి 450 బ్యాగ్ ఇస్తే పదకొండున్నర శాతం, అంటే ఇందాకటి అమ్మాయి దగ్గరికే వచ్చేశాడు. అందుకే మొదటిసారి ఇచ్చేవాళ్ళు, అందులో గీత మీద బరువున్నవాళ్ళు, ఏ బ్యాగ్ పెడుతున్నారని అడగడం అతి కాదు. వయసు తక్కువ, బరువు తక్కువ, మొదటిసారి, ఈ మూడూ కలిసినవాళ్ళకే ఎక్కువగా కళ్ళు తిరుగుతాయి. కాలేజీ క్యాంపుల్లో ఒకరిద్దరు పడిపోవడానికి కారణం కూడా అదే. మిగతావాళ్ళందరూ ఫ్రూటీ తాగి క్లాసుకి వెళ్ళిపోతారు, ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు, పడిపోయిన ఒకరి కథే హాస్టలంతా తిరుగుతుంది.

పోయినదాంట్లో నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది. ఎర్రకణాలకి నాలుగు నుంచి ఎనిమిది వారాలు, ఐరన్ నిల్వలకి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మగవాళ్ళకి 90 రోజులు, ఆడవాళ్ళకి 120 రోజుల ఎడం పెట్టింది అందుకే.

సూది దాకా వెళ్ళకుండానే ఆపేసేవి

ఇక్కడ ఒక ఊరట ఉంది, భయపడి వెళ్ళినవాళ్ళందరి నుంచీ రక్తం తీసుకోరు. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, మొదటిసారైతే 60 దాటకూడదు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. క్యాంపుల్లో దీన్ని చూసే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది: చిన్న గాజు సీసాలో నీలం రంగు మైలుతుత్తం నీళ్ళు, అందులోకి వేలి నుంచి తీసిన ఒక చుక్క. చుక్క గబగబా అడుగుకి దిగిపోతే పాస్, మధ్యలో ఆగి తేలుతుంటే రక్తం పలచగా ఉన్నట్టు. ఈ పరీక్ష దగ్గర వెనక్కి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. అలా వెనక్కి వచ్చిన అమ్మాయి ఓడిపోయినట్టు కాదు, తన ఒంట్లో రక్తం తక్కువుందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

ఖాళీ కడుపుతో, ఉపవాసంలో ఉన్నవాళ్ళ నుంచి తీసుకోకూడదు. కార్తీక సోమవారం నాడు పుణ్యమని వెళ్ళేవాళ్ళు ఉంటారు, ఆ రోజు మాత్రం వద్దు. నైట్ డ్యూటీ చేసి సరిగ్గా నిద్రపోనివాళ్ళూ ఇవ్వకూడదు. దూరప్రయాణాల డ్రైవర్లు, సముద్రం లోపల పనిచేసేవాళ్ళు, ఎమర్జెన్సీ సర్వీసుల్లో ఉన్నవాళ్ళు, బాగా శ్రమ ఉండే పనులవాళ్ళు తర్వాతి డ్యూటీకి కనీసం 24 గంటల ముందే ఇచ్చి ఉండాలి. స్టీల్ ప్లాంట్, పోర్ట్, నేవీ ఉన్న మన ఊళ్ళో ఇది వర్తించే ఇళ్ళు ఎన్నో. సి షిఫ్ట్ దిగి బస్సులోంచి నేరుగా క్యాంప్‌కి వచ్చి, "ఏటవుద్ది, ఇచ్చేస్తాను" అనే గాజువాక అన్నలకి ఆ రోజు కళ్ళు తిరిగితే, తప్పు ధైర్యానిది కాదు, నిద్రది.

ముందే చెప్పాలా, చెప్పకూడదా

క్యాంపులు పెట్టేవాళ్ళలో ఈ విషయంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. "కళ్ళు తిరగొచ్చు" అని ముందే చెబితే, లేని భయం పుట్టించి తిప్పించినట్టే అవుతుందని ఒక వాదం. ఒకరు పడిపోతే చూసి పక్క మంచం మీద ఇంకొకరు పడిపోవడం నిజంగానే జరుగుతుంది, కాబట్టి ఈ వాదాన్ని కొట్టిపారేయలేం. చెప్పకపోతే, ఒంట్లో తేడా మొదలైనప్పుడు డోనర్‌కి అదేంటో తెలియక, మొహమాటపడి, చెప్పకుండా లేచి నిలబడతాడని రెండో వాదం. నాకు రెండో దాంట్లోనే బలం కనిపిస్తుంది, అయితే ఒక షరతు మీద: ఏమవుతుందో చెప్పినప్పుడు దానికి ఏం చేయాలో కూడా చెప్పాలి. ఉత్త హెచ్చరిక భయపెడుతుంది. కాళ్ళు బిగించడం నేర్పి చెప్పిన హెచ్చరిక చేతికి ఒక కర్ర ఇచ్చినట్టు.

సూది గుచ్చేటప్పుడు చూడాలా, తల తిప్పుకోవాలా అన్నది కూడా ఇలాంటిదే. రక్తం కనబడితే తూలేవాళ్ళకి తల తిప్పుకోవడం మేలు. ఎప్పుడు గుచ్చుతారో తెలియకపోవడమే భరించలేనివాళ్ళు కొందరుంటారు, వాళ్ళకి చూడటమో, "ఇప్పుడు గుచ్చుతున్నాను" అని చెప్పించుకోవడమో నయం.

మొదటిసారి క్యాంప్‌లోనా, బ్లడ్ బ్యాంక్‌లోనా? క్యాంప్‌లో తోటివాళ్ళు ఉంటారు, ఊపు ఉంటుంది, అదే పదిమంది ముందు పడిపోతే పరువు పోతుందన్న భయం కూడా అక్కడే ఉంటుంది. రెడ్ క్రాస్ లాంటి బ్లడ్ బ్యాంక్‌కి మామూలు రోజున వెళ్తే ఏసీ గది, వెనక్కి వాలే కుర్చీ, పక్కన ఒకరిద్దరు డోనర్లు. భయం ఎక్కువున్నవాళ్ళకి ఇదే నయమని నా అభిప్రాయం. అక్కడికి నీ అంతట నువ్వు వెళ్ళాలి, లాక్కెళ్ళేవాళ్ళు ఉండరు, అదే దాంతో ఇబ్బంది.

బలవంతం గురించి కూడా చెప్పాలి. స్వచ్ఛందం అన్న మాటకి అర్థమే ఇష్టపడి ఇవ్వడం. డబ్బు తీసుకొని రక్తం ఇచ్చే పద్ధతి సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు తర్వాత 1998 జనవరి 1 నుంచి నిషేధమైంది. అయినా పేషెంట్ బంధువులను "ఇద్దరిని తెండి" అనడం ఇంకా ఉంది. నిల్వలు లేనప్పుడు ఇంకేం చేయాలన్నది బ్లడ్ బ్యాంకుల మాట, అందులో నిజముంది. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్స్ అయితే 5 రోజులే నిలవుంటాయి, వేసవి సెలవుల్లో కాలేజీలు మూస్తే క్యాంపులే ఉండవు. అవతలి వైపు చూస్తే, అత్త ఆపరేషన్ కోసం వచ్చిన అల్లుడు తన జబ్బు సంగతి నలుగురి ముందు చెప్పలేక దాచిపెట్టి ఇచ్చేస్తే ప్రమాదం ఇంకొకరికి. భయం ఉన్నవాడి సంగతీ అంతే, ఇష్టపడి వచ్చిన రోజు ఉన్న నిబ్బరం, లాక్కొచ్చిన రోజు ఉండదు.

"మేం ఊరికే ఇస్తే వాళ్ళు అమ్ముకుంటారు" అనే మాట కూడా భయం పక్కనే వినిపిస్తుంది. రక్తానికి ధర లేదు. బ్యాగ్, పరీక్షలు, నిల్వ ఖర్చుల కింద ప్రాసెసింగ్ చార్జీ మాత్రమే తీసుకోవాలని 2023 చివర్లో కేంద్ర డ్రగ్ కంట్రోల్ సంస్థ మళ్ళీ గుర్తుచేసింది. అంతకుమించి అడిగితే రసీదు అడిగే హక్కు పేషెంట్ వాళ్ళకి ఉంది.

నేను ఇచ్చిన రోజు

ఒక మంగళవారం పదకొండు గంటలకి, నాలుగు ఇడ్లీలు తిని, బాటిల్ నీళ్ళు తాగి, అమ్మని కూడా తీసుకొని వెళ్ళాను. ఫారం నింపేటప్పుడే చెప్పాను, ఇంటర్లో ఒకసారి పడిపోయానని. అంతకుముందు కొన్నేళ్ళ కింద ఒక క్యాంప్‌లో ఇదే చెబితే, టేబుల్ దగ్గర కూర్చున్నాయన "ఇంత మనిషివి, సూదికి భయమా" అని గట్టిగా నవ్వాడు, నేను వెనక్కి వచ్చేశాను. ఈసారి టెక్నీషియన్ అక్క కాగితం మీద ఏదో రాసుకొని, కుర్చీ కాకుండా పూర్తిగా వాలే మంచం చూపించింది. "ఏటీ అవదు బాబూ, తేడాగా ఉంటే నోరు తెరిచి చెప్పండి, మనసులో పెట్టుకోకండి" అంది.

సూది గుచ్చినప్పుడు గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాను. చురుక్కుమంది, అయిపోయింది. నాకు గుర్తుండిపోయింది నొప్పి కాదు. టేపు వేసిన గొట్టం మోచేతి కింద చర్మానికి ఆనుకొని ఉంది, కాసేపటికి అది వెచ్చగా తగలడం మొదలైంది. నా రక్తం వేడి నాకే బయట నుంచి తెలిసింది. కింద చిన్న ట్రే మీద బ్యాగ్ ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతోంది, గడ్డకట్టకుండా. ఆరో నిమిషం దగ్గర ఆవులింత వచ్చింది, ఇంకోటి వచ్చింది. అక్కతో చెప్పాను. మంచం తల వైపు దించి, "కాళ్ళు బిగించండి, వదలండి" అని లెక్కపెడుతూ నిలబడింది. ముఖం మీద చెమట పట్టింది, ఆరిపోయింది. బ్యాగ్ నిండింది.

దిగాక పావుగంట కూర్చోబెట్టారు. ఈ పావుగంటే చాలామంది ఎగ్గొడతారు, పని ఉందని. కళ్ళు తిరగడం సూది తీశాక, లేచి నడిచాక కూడా రావచ్చు, బస్సులో నిలబడి ఉండగా కూడా. అందుకే బైక్ తీయలేదు, అమ్మా నేనూ ఆటోలో ఇంటికి వచ్చాం. దారిలో అమ్మ కొబ్బరి బొండాం కొనిపెట్టింది. మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత నీలం మచ్చ వారం రోజులుంది.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఫారంలో ఒక ప్రశ్న ఉంది, గతంలో రక్తం ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది కలిగిందా అని. అవును అని టిక్ పెట్టి ఇచ్చాను. చదివి, తలెత్తి చూసి, "ఆ వాలే మంచం ఖాళీగానే ఉంది, రండి" అన్నారు.